పాత కారు – కొత్త పంపు

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అన్నది మన పెద్దల సామెత. ఈ సామెతలో సగం మాత్రమే సత్యమున్నదని నాకు బోధపరచినది ఏ గ్రంథమూ కాదు. మా ఇంటి ముందు వేపచెట్టు నీడలో అర్ధశతాబ్దపు వయస్సుతో నిలిచియున్న ఒక మోటారుకారు. పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పుకొనేవానికి యంత్రాలతో ఏమి ప్రసక్తి అని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. కాని ప్రతిపదార్థం చెప్పడమంటే భాగాలను విడదీసి చూపి, అవి కలిసి ఏ అర్థాన్ని ఇస్తున్నవో వివరించడమే గదా! యంత్రానికైనా అంతకంటె వేరైన వ్యాఖ్యానం లేదు.

మా తండ్రిగారు మాచర్లలో కిరాయి కారు నడిపేవారు. 1999 మే నెలలో ఒకనాటి మధ్యాహ్నం, పురిటినొప్పులు పడుతున్న ఒక తల్లిని నరసరావుపేట ఆసుపత్రికి తీసికొనిపోతున్నారు. బడికి సెలవులు గనుక నేనూ ముందు సీటులో కూర్చుని ఉన్నాను. అప్పటికి నాకు తొమ్మిదేండ్లు. రెంటచింతల దాటిన పిమ్మట బండి రెండుమూడుసార్లు కుదుపులిచ్చి, దగ్గి, రోడ్డు నడుమ నిలిచిపోయింది. టాంకులో సగానికి పైగా పెట్రోలు ఉన్నది. బాటరీ బాగున్నది. ప్లగ్గులు క్రొత్తవి. తండ్రిగారు బానెట్ ఎత్తి, కూజాలోని మంచినీళ్ళతో తువ్వాలు తడిపి, ఇంజను ప్రక్కనున్న చిన్న పంపుకు చుట్టారు. తువ్వాలు ఆరినకొద్దీ మళ్ళీ తడిపారు. మేము త్రాగవలసిన నీళ్ళన్నీ ఆ పంపే త్రాగింది. ముప్పావు గంటకు గాని బండి కదలలేదు.

ఆ తల్లి క్షేమంగానే ప్రసవించింది. అయినను ఆ ముప్పావు గంటసేపు వెనుక సీటు నుండి వినవచ్చిన మూలుగును మా తండ్రిగారు మరువలేదు. నాటి తరువాత వేసవి పగటివేళ ఆసుపత్రి కిరాయిని ఆయన ఎన్నడూ ఒప్పుకొనలేదు. టాంకులో పెట్రోలున్నది, అది ఇంజనుకు అందలేదు. ఎందువలన? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసికొనడానికి నాకు ఇరవై యేండ్లకు పైగా పట్టింది. ఆ సమాధానమే ఈ వ్యాసం.

పాత పంపు పనిచేసే తీరు

మన ప్రాంతంలో “పెట్రోలు పంపు” అన్నమాటకు బదులు “పెట్రోలు బంకు” అనే వాడుక ఉన్నది గనుక అపార్థానికి తావులేదు. ఇక్కడ పంపు అనగా కారులోని టాంకు నుండి ఇంజనుకు పెట్రోలును చేరవేసే సాధనం.

స్వాతంత్ర్యానంతరం కొన్ని దశాబ్దాలపాటు మన రోడ్లను ఏలినవి ముఖ్యంగా రెండు కార్లు. హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో, బ్రిటిషువారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారు ఆధారంగా నిర్మించిన అంబాసిడర్ ఒకటి. 1950ల చివర మొదలైన దాని తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ఇటలీ ఫియట్ 1100 నుండి పుట్టి, బొంబాయిలో ప్రీమియర్ వారి కర్మాగారంలో రూపొందిన పద్మిని రెండవది. పెండ్లికొడుకు ఊరేగింపుకైనా, పెద్ద డాక్టరు వద్దకు రోగిని చేర్చడానికైనా పలనాటి పల్లెలకు వచ్చినవి ఈ బండ్లే.

ఇట్టి పాత పెట్రోలు కార్లలో టాంకు వెనుక ఉంటుంది. పంపు ముందు ఇంజనుకు అతుక్కుని ఉంటుంది. ఇంజనులోని కామ్‌షాఫ్టు తిరిగినప్పుడెల్లా ఒక చిన్న మీట పైకి క్రిందికి ఆడుతుంది. ఆ మీట డయాఫ్రం అనబడే పలుచని పొరను లాగుతుంది. పొర లాగబడినప్పుడు ఒక కవాటం తెరచుకొని వెనుక టాంకు నుండి పెట్రోలు లోనికి వస్తుంది. స్ప్రింగు ఆ పొరను వెనుకకు త్రోసినప్పుడు మరియొక కవాటం తెరచుకొని పెట్రోలు కార్బురేటరుకు పోతుంది. కార్బురేటరులోని చిన్న గిన్నె నిండగానే, అందులో తేలే బుడ్డి పైకి లేచి సూదివంటి కవాటాన్ని మూసివేస్తుంది. అప్పుడు పంపు తనంతట తానే విశ్రమిస్తుంది. ఈ పంపు ఇచ్చే ఒత్తిడి చాలా స్వల్పం. చదరపు అంగుళానికి రెండు మొదలు నాలుగు పౌండ్లు మాత్రమే.

ఇందులో ఒక గొప్ప సుగుణమున్నది. ఇంజను తిరిగితేనే పంపు ఆడుతుంది; ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. ఈ సుగుణాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీని అవసరం ముందు వస్తుంది.

ఆవిరి అడ్డుపడుట

శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు పలనాటి జొన్నకూటిని, నీటి కరవును ఎగతాళి చేసినవి. ఆయనకు మోటారుకారు ఉండి ఉంటే మన ఎండను గురించి మరికొన్ని చెప్పి ఉండేవాడేమో! వేసవిలో రాష్ట్రమంతటా మండిన ఊళ్ళ పట్టికలో రెంటచింతల పేరు చదవడం మనకు అలవాటైపోయింది. ఆ వేడిలో పెట్రోలు ఎట్లు ప్రవర్తిస్తుందో చూద్దాము.

నీరు ఒకే పదార్థం. నూరు డిగ్రీల వద్ద మరుగుతుంది. పెట్రోలు అట్లు కాదు. అది అనేక ద్రవాల మిశ్రమం. అందులో తేలికయైనవి సుమారు 35, 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే ఆవిరి కావడం మొదలుపెడతాయి. బరువైనవి 200 డిగ్రీల వరకు నిలుస్తాయి. మే నెలలో బయటి గాలియే 45 డిగ్రీలున్నప్పుడు, మండే ఇంజను ప్రక్కన, బానెట్ క్రింద వేడి ఎంతటిదో ఊహించవచ్చును.

దీనికి తోడు మరియొక భౌతిక సూత్రమున్నది. ద్రవం మీది ఒత్తిడి తగ్గితే అది మరిగే ఉష్ణోగ్రతయు తగ్గుతుంది. ఒత్తిడి పెరిగితే పెరుగుతుంది. ఎత్తైన కొండలపై పప్పు త్వరగా ఉడకకపోవడానికి, ప్రెషర్ కుక్కరులో త్వరగా ఉడకడానికి కారణమిదే. మన పాత పంపు పెట్రోలును వెనుకనుండి పీల్చుకొంటున్నది. పీల్చడమంటే గొట్టంలోని ఒత్తిడిని తగ్గించడమే. అనగా బండి పొడవునా సాగిన గొట్టంలో, అసలే వేడెక్కిన పెట్రోలును, మరింత సులభంగా మరిగే స్థితికి పంపు తానే తెస్తున్నదన్నమాట!

పెట్రోలు ఆవిరి పంపులోనికి ప్రవేశించినదంటే ఇక కథ ముగిసినట్లే. ద్రవాన్ని నొక్కితే అది ముందుకు పోతుంది. ఆవిరిని నొక్కితే కుంచించుకొనిపోయి, వదలగానే మళ్ళీ ఉబ్బుతుంది. డయాఫ్రం ఎంత ఆడినా ఆవిరి అక్కడనే కొట్టుకొంటుంది గాని కవాటం దాటదు. ఇంగ్లీషువారు దీనిని “వేపర్ లాక్” అన్నారు. మన మేస్త్రీలు “ఎయిరు పట్టింది” అంటారు. తడిబట్ట చుట్టి పంపును చల్లార్చితే ఆవిరి తిరిగి ద్రవమవుతుంది, బండి కదులుతుంది. మా తండ్రిగారి తువ్వాలు చేసిన పని ఇదే.

బోరు మోటారు చెప్పిన పాఠం

ఈ వ్యాధికి మందు ఏమిటో పలనాటి రైతును అడిగినా చెప్పగలడు. పూర్వం బావి గట్టున మోటారు పెట్టి నీళ్ళు తోడేవారు. గట్టుమీది మోటారు నీటిని పీల్చవలెను. వాతావరణ పీడనం నీటిని సిద్ధాంతరీత్యా సుమారు పది మీటర్లకు మించి ఎత్తలేదు. ఆచరణలో ఏడెనిమిది మీటర్లకే మోటారు అలసిపోతుంది. పీల్చే గొట్టంలో సూదిమొనంత రంధ్రం పడినా గాలి చొరబడి నీరు ఆగిపోతుంది. నీటిమట్టం లోతుకు పోయినకొద్దీ రైతు ఏమి చేశాడు? మోటారునే నీటిలోనికి దింపాడు. సబ్‌మెర్సిబుల్ మోటారు నీటిని పీల్చదు. క్రిందినుండి పైకి నెడుతుంది. ఎన్ని వందల అడుగుల లోతైనా నెట్టగలుగుతుంది. చుట్టూ ఉన్న నీరే దానిని చల్లబరుస్తుంది.

ఆధునిక కారు తయారీదారులు చేసినదీ సరిగా ఇదే. విద్యుత్తుతో తిరిగే చిన్న పంపును పెట్రోలు టాంకు లోపలనే ఉంచారు. అది పెట్రోలులో మునిగి ఉండి ఇంజను వైపునకు నెడుతుంది. గొట్టం పొడవునా ఒత్తిడి ఉండడం వలన పెట్రోలు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. పంపు వేడి ఇంజనుకు దూరంగా ఉంటుంది. మోటారు గుండా ప్రవహించే పెట్రోలే దానికి చల్లదనమూ, కందెనయు. నేటి పెట్రోలు కార్లలో కార్బురేటరు పోయి, ఇంజనులోనికి పెట్రోలును తుంపరగా చిమ్మే ఇంజక్షను పద్ధతి వచ్చింది. దానికి అధికమైన ఒత్తిడి కావలసినందున టాంకులోని పంపు సర్వసామాన్యమైంది.

నీళ్ళు లేని బోరులో మోటారు తిరిగితే కాలిపోతుందని మనకు తెలుసు. ఈ పంపుకూ అదే గతి. కనుక ముల్లు సున్నాకు చేరేవరకు బండి నడిపే అలవాటు మానుకొని, టాంకులో నాలుగవ వంతైనా పెట్రోలు ఎల్లప్పుడు ఉంచవలెను.

పెట్రోలులో విద్యుత్తు – భయము, నిజము

పెట్రోలులో కరెంటు మోటారు పెట్టడమా, నిప్పు అంటుకొనదా అని మా తల్లిగారు అడిగారు. ఈ భయం సహేతుకమైనదే. కాని నిప్పు పుట్టడానికి ఇంధనము, వేడి చాలవు. ప్రాణవాయువు కూడ కావలెను. అదియును తగిన పాళ్ళలో ఉండవలెను. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతానికి తక్కువగా ఉన్నా, 7.6 శాతానికి మించి ఉన్నా అంటుకొనదు. ద్రవంలో మునిగిన మోటారులో గాలి లేదు. వాడుకలో ఉన్న టాంకులో పెట్రోలు పైనుండే ఖాళీ స్థలం సాధారణంగా ఆవిరితో ఎంతగా నిండి ఉంటుందంటే, మండడానికి కావలసినంత గాలి అక్కడ ఉండదు.

నిజమైన ప్రమాదం నిండిన టాంకులో కాదు, ఖాళీ చేసిన టాంకులో ఉన్నది. పెట్రోలు పారబోసిన తరువాత లోపలికి గాలి ప్రవేశించి, గోడలకంటిన ఆవిరితో కలిసి, సరిగా మండే పాళ్ళలోనికి వస్తుంది. అట్టి టాంకుకు గ్యాసు వెల్డింగు మంట తగిలితే అది బాంబే. “పెట్రోలు పారబోశాము గదా” అన్న మాట ఎన్ని ప్రాణాలకైనా ముప్పు తేగలదు. కనుక టాంకును కడిగి, ఆవిరి లేకుండ చేసి, నిప్పురవ్వ పుట్టని పనిముట్లతోనే రంధ్రం చేయవలెను. ఈ పనిలో చేయి తిరిగిన నిపుణులకు అప్పగించడమే వివేకం. ఏ విద్యార్థియు ఇంటి పెరట్లో దీనిని ప్రయత్నించరాదు.

ఒత్తిడి మితిమీరినప్పుడు

ఇప్పుడు మా ఇంటి కథ కొంత చెప్పవలెను. తండ్రిగారు కిరాయి వృత్తి మానిన తరువాత బండి చెట్టుక్రిందికి చేరింది. మా తమ్ముడు దానిని తిరిగి నడిపించ సంకల్పించి, తుక్కు దుకాణంలో ఒక ఇంజక్షను కారు పంపును కొని, గొట్టం తగిలించి, నేరుగా కార్బురేటరుకు కలిపాడు. స్విచ్చి వేసిన కొన్ని క్షణాలకే కార్బురేటరు పొంగి పొర్లింది. పెట్రోలు ధారలు ఇంజను మీదుగా కారసాగినవి. ఇంజను చల్లగా ఉన్నది గనుక సరిపోయింది. షెడ్డు మేస్త్రీ పరుగున వచ్చి బాటరీ వైరు ఊడబెరికాడు. పిమ్మట మా తమ్మునితో, “అబ్బాయీ, కొత్త పంపు తెచ్చినావు గాని కొత్త పంపుకు కావలసిన సంసారం తేలేదు” అన్నాడు. ఇంతకంటె చక్కని పాఠాన్ని నేను ఏ తరగతి గదిలోను వినలేదు.

జరిగినదేమిటి? ఇంజక్షను పంపు చదరపు అంగుళానికి 40, 45 పౌండ్ల ఒత్తిడి ఇస్తుంది. కార్బురేటరులోని సూది కవాటం ఆపగలిగినది సుమారు మూడు పౌండ్లు మాత్రమే. పసిబిడ్డ నోటికి వీధి కుళాయి పెట్టినట్లయినది.

దీనికి రెండు మార్గాలున్నవి. కార్బురేటరుకు సరిపోయే తక్కువ ఒత్తిడి పంపునే ఎన్నుకొనడం ఒకటి. ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటరును అమర్చడం రెండవది. అధిక పీడనపు పంపుకు కేవలం దారిని ఇరుకు చేసే రెగ్యులేటరు చాలదు; అదనపు పెట్రోలును టాంకుకు మరలించే రకం కావలెను. అందుకై ఇంజను నుండి టాంకు వరకు రెండవ గొట్టం వేయవలసి ఉంటుంది. ఈ తిరుగు గొట్టం ఇరుకుగా ఉంటే ఒత్తిడి మళ్ళీ పెరుగుతుంది.

ఈ తిరుగు గొట్టం వలన వేసవిలో గొప్ప మేలు కలుగుతుంది. లీటరుకు పది కిలోమీటర్లు నడిచే బండి గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పోతే ఐదు లీటర్లు ఖర్చవుతుంది. పంపు మాత్రం గంటకు ఎనభై, వంద లీటర్లు నెట్టగలదు. మిగిలినదంతా ఇంజను దగ్గరి దాకా పోయి, నిలువక, తిరిగి టాంకును చేరుతుంది. పెట్రోలు వేడి ప్రదేశంలో ఆగదు గనుక ఆవిరి అయ్యే అవకాశం తగ్గుతుంది. ఒకవేళ బుడగలు పుట్టినా అవి తిరుగు గొట్టం వెంట వెళ్ళిపోతాయి.

అయితే ప్రతి మేలు వెనుక ఒక లెక్క ఉంటుంది. పంపు ఐదు ఆంపియర్లు తీసికొంటే 12 వోల్టుల వద్ద అది 60 వాట్లు. ఆ శక్తి దాదాపు అంతయు చివరకు వేడిగా మారి పెట్రోలులోనే కలుస్తుంది. టాంకులో పది లీటర్లే ఉన్నవనుకొందాము. బయటికి వేడి పోకుంటే గంటకు సుమారు 14 డిగ్రీలు పెరుగుతుంది. నలభై లీటర్లుంటే పెరిగేది మూడున్నర డిగ్రీలే. నిజానికి టాంకు గోడల నుండి కొంత వేడి బయటికి పోతుంది గాని, మే నెల మధ్యాహ్నం అది ఎక్కువ పోదు. కనుక కార్బురేటరు బండికి తక్కువ ఒత్తిడి, తక్కువ కరెంటు పంపు మేలు. టాంకులో పెట్రోలు ఎక్కువగా ఉంచడం మరీ మేలు. బలమైనదంతా మంచిది కాదు, తగినదే మంచిది.

టాంకులో జరుగవలసిన పని

పాత టాంకుల అడుగున తుప్పు, జిగురు పేరుకొని ఉంటాయి. వాటిని శుభ్రపరచకుండ పంపును దింపితే దాని మూతికి తొడిగిన సన్నని జల్లెడ కొద్దికాలానికే పూడుకొనిపోతుంది. పంపు ఎత్తు టాంకు లోతుకు సరిపోవునా అన్నది ముందే కొలుచుకొనవలెను. మాచర్ల నుండి సాగర్ వైపు మలుపులు తిరిగేటప్పుడు టాంకులోని పెట్రోలు ఒక ప్రక్కకు ఒరుగుతుంది. అప్పుడు పంపు మూతి తేలిపోయి గాలి పీలుస్తుంది. అందుచేత పంపు చుట్టూ చిన్న గిన్నెవంటి గది నిర్మించి, తిరుగు గొట్టం పెట్రోలును అందులోనే పడేటట్లు చేస్తారు.

మరియొక సూక్ష్మమున్నది. బజారులో దొరికే సాధారణ పెట్రోలు రబ్బరు గొట్టం లోపలివైపున మాత్రమే పెట్రోలును సహిస్తుంది. టాంకులో గొట్టానికి లోపలా బయటా పెట్రోలే. సాధారణ గొట్టం ఉబ్బి, మెత్తబడి, విడిపోతుంది. మునకకు తగిన గొట్టం వేరుగా ఉన్నది, దానిపై ఎస్.ఎ.ఇ. 30 ఆర్ 10 అనే గుర్తు ఉంటుంది. వైర్లు టాంకు గోడను దాటే చోట కూడ పెట్రోలుకు చెడని బిగింపు కావలెను. టాంకు మూతలోని గాలి రంధ్రం తెరచి ఉన్నదో లేదో చూడవలెను. అది మూసుకొనిపోతే ఎంతటి పంపైనా పెట్రోలు ఇవ్వలేదు.

ప్రాణరక్షణకు సంబంధించినది

పాత పంపు సుగుణమొకటి గుర్తుంచుకొమ్మని ఇంతకుముందు కోరాను. బండి బోల్తాపడి ఇంజను ఆగిపోతే పాత పంపు దానంతట అదే ఆగుతుంది. విద్యుత్ పంపుకు ఈ తెలివి లేదు. తాళంచెవి తిరిగి ఉన్నంతవరకు అది తిరుగుతూనే ఉంటుంది. ప్రమాదంలో గొట్టం తెగినా, డ్రైవరు స్పృహ తప్పినా, తెగిన గొట్టం గుండా పెట్రోలును చిమ్ముతూనే ఉంటుంది. పాత పంపును తీసివేసినప్పుడు మనము ఒక పంపును మాత్రమే తీసివేయడం లేదు. దానితోపాటు ఒక కావలివానిని కూడ తీసివేస్తున్నాము. ఆ కావలిని వేరొక రూపంలో తిరిగి నిలబెట్టనిచో ఈ మార్పు చేయకుండుటే మేలు.

దీనికి మూడు ఉపాయాలున్నవి. మొదటిది, ఇంజను తిరుగుతున్నంతసేపే పంపుకు కరెంటు ఇచ్చే రిలే. ఇగ్నిషను కాయిలు స్పందనలు ఆగిపోతే అది పంపును ఆపుతుంది. రెండవది, ఇంజను ఆయిలు ఒత్తిడి పడిపోగానే కరెంటు తెంచే స్విచ్చి. మూడవది, గుద్దుకున్నప్పుడు పనిచేసే ఇనర్షియా స్విచ్చి. ఇందులో ఒక ఉక్కు గోళీని అయస్కాంతం పట్టి ఉంచుతుంది. పెద్ద కుదుపు తగిలితే గోళీ విడిపోయి మీటను తట్టి విద్యుత్తును తెంచివేస్తుంది. మొదటి రెండింటిలో ఒకటి, దానికి తోడు మూడవది ఉండడం క్షేమకరం. ప్రత్యేకమైన ఫ్యూజు తప్పనిసరి.

కరెంటు రాబడి, ఖర్చు కూడ చూచుకొనవలెను. ఆ కాలపు కార్లలో డైనమో ఇచ్చేది సుమారు ఇరవై ఆంపియర్లు. అదియును ఇంజను వేగంగా తిరిగినప్పుడే. రాత్రివేళ ముందు దీపాలకే ఏడెనిమిది ఆంపియర్లు పోతాయి. పైన కాయిలు, వైపరు, హారను. ఆ మీద పంపు మరొక ఐదు అడిగితే, గేటు దగ్గర బండి నిలిపి ఉంచినప్పుడు బాటరీ క్రమంగా తరిగిపోతుంది. వెనుకటి బ్రిటిషు పద్ధతి కార్లలో బాటరీ పాజిటివ్ కొన బాడీకి కలిపి ఉండేది. అట్టి బండిలో వైర్లు చూడక తగిలిస్తే పంపు వెనుకకు తిరుగుతుంది.

మారిన పెట్రోలు

ఇంధనం కూడ మునుపటిది కాదు. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపే స్థితి వచ్చింది. ఇథనాలు నీటిని ఆకర్షిస్తుంది. పాత రబ్బరు పొరలను, బెండు గాస్కెట్లను పాడుచేస్తుంది. టాంకులో ఏండ్ల తరబడి పేరుకొన్న జిగురును కరిగించి జల్లెడలోనికి తెస్తుంది. కనుక పంపు, గొట్టం, డయాఫ్రం, కార్బురేటరు గాస్కెట్లు అన్నియు ఇథనాలుకు తట్టుకొనేవే ఎంచుకొనవలెను. నెలల తరబడి కదలని బండిలో ఈ పెట్రోలు నిలువ ఉంచరాదు.

కొత్త పంపు చేయలేని పని కూడ ఒకటున్నది. ఎండలో నడిపి ఆపిన బండిలో, ఇంజను వేడికి కార్బురేటరు గిన్నెలోని పెట్రోలే మరిగిపోతుంది. దానికి టాంకులోని పంపు పూర్తి మందు కాదు. కార్బురేటరుకు, ఇంజనుకు నడుమ వేడిని ఆపే దిమ్మె, క్రింద రేకు కవచము కావలెను. గొట్టాలను సైలెన్సరు పైపుకు దూరంగా వేయవలెను. పంపు మార్చక ముందే ఈ చిన్న పనులు చేసి చూడడం బుద్ధిమంతుల లక్షణం. చాలా బండ్లకు అంతటితోనే వ్యాధి నయమవుతుంది.

పాతదనం చెడకుండ

2021లో కేంద్రప్రభుత్వం పురాతన వాహనాల రిజిస్ట్రేషనుకు నియమాలు చేసింది. యాభై యేండ్లు దాటి, మూలరూపంలో నిలిచియున్న వాహనాలకు ఆ గౌరవం లభిస్తుంది. కనుక చేసే ప్రతి మార్పు తిరిగి తీసివేయడానికి వీలుగా ఉండవలెను. అసలు టాంకును కోయక, అదే కొలతలతో వేరొక టాంకు చేయించుకొనడం ఉత్తమం. మేము అట్లే చేశాము. ఇంజను ప్రక్కన పాత పంపు ఉండిన చోట ఆయిలు కారకుండ ఒక రేకు బిళ్ళ బిగించాము. తండ్రిగారి చేతి తువ్వాలు ఎన్నోసార్లు చల్లబరచిన ఆ పాత పంపును ఆయిలు గుడ్డలో చుట్టి పెట్టెలో దాచాము.

పని పూర్తియైన తరువాత, గడచిన మే నెలలో ఒక మధ్యాహ్నం, తండ్రిగారిని ముందు సీటులో కూర్చుండబెట్టుకొని మాచర్ల నుండి నరసరావుపేటకు బయలుదేరాము. రెంటచింతల దాటేటప్పుడు ఎవ్వరమూ మాటలాడలేదు. ఆయన చేయి కాళ్ళ దగ్గరి నీళ్ళ సీసామీదనే ఉన్నది. గురజాల వచ్చింది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు కనబడినవి. అప్పుడాయన సీసా మూత తీసి, “ఈ నీళ్ళు ఇక మనమే త్రాగవచ్చు” అన్నారు.

విద్యార్థులు ఈ కథనుండి గ్రహింపదగిన దొకటున్నది. పాతదానిని తీసివేసి కొత్తదానిని పెట్టడం సులభం. పాతది చేస్తుండిన పనులన్నింటిని, పైకి కనబడని పనులతో సహా, లెక్కించి కొత్తదానిచేత చేయించడం కష్టం. మా పాత పంపు పెట్రోలును తెచ్చేది. అంతేకాక తనను తాను మితంగా ఉంచుకొనేది, ఆపదలో తనంతట తాను ఆగేది. ఈ మూడింటిలో మొదటిదానిని మాత్రమే చూచి మిగిలిన రెండింటిని మరచినందువలననే మా తమ్ముని తొలి ప్రయత్నం నిప్పు అంచున నిలిచింది. పంపు విషయంలోనే గాక, మనము మార్చ దలచిన ప్రతి వ్యవస్థ విషయంలోను ఈ లెక్క ముందు వేసికొనడం అవసరం. పాత రోత కాదు. కొత్త వింతయు కాదు. రెండింటిని ఎరిగి కలిపినవానికే బండి కదులుతుంది.